గంగమ్మ మంద, మా డేటా ప్లాన్

2023 వానాకాలం. హిందూపురంలో మా డిగ్రీ కాలేజీ రెండో అంతస్తులో, లైబ్రరీ పక్కన, పాత పత్రికల కట్టలు పడేసే గది ఒకటి ఉండేది. దానికి ‘రీసెర్చ్ సెల్’ అని బోర్డు తగిలించి నన్ను అందులో కూర్చోబెట్టారు. అంతకుముందు చాలా ఏళ్లు నేను లైబ్రేరియన్‌ని. “పుస్తకాలు ఎట్లా దాచాలో మీకు తెలుసు కదమ్మా, డేటా కూడా అంతే” అని మా ప్రిన్సిపాల్ తేల్చేశారు. అంతే కాదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే ఆయన మీటింగుకు వెళ్లిపోయారు. ఆ తర్వాత కూడా చాలాసార్లు చెప్పబోయాను. ఆయన అన్నిసార్లూ మీటింగుకు వెళ్లారు.

ఈ గదిలో నా పనేమిటని మా బంధువులే అడుగుతుంటారు కాబట్టి ముందు అది చెప్తాను. అధ్యాపకులెవరికైనా పరిశోధనకు నిధులు కావాలంటే ఒక ప్రపోజల్ రాసి పంపాలి. దాని చివర డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ అని రెండు మూడు పేజీలు ఉంటాయి. మేము డీఎంపీ అంటాం. ఏ సమాచారం సేకరిస్తారు, దాన్ని ఎక్కడ భద్రం చేస్తారు, ఎవరెవరు చూడొచ్చు, పని ముగిశాక ఏం చేస్తారు అన్న ప్రశ్నలకు అందులో జవాబులు రాయాలి. వినడానికి గుమాస్తా పనిలాగే ఉంటుంది. మావాళ్లలో ఎక్కువమంది అట్లాగే చూస్తారు. ప్రపోజల్ అంతా రాసుకొని చివరి రోజు సాయంత్రం వచ్చి, “మేడమ్, ఆ డీఎంపీ పాతది ఏదైనా ఉంటే ఇవ్వండి, పేరు మార్చుకుంటా” అంటారు. అట్లా అడిగినవాళ్లకు నేనిచ్చిన జవాబులు స్టాఫ్ రూములో ఇంకా చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ.

సురేంద్ర మాత్రం గడువుకు చాలా ముందే వచ్చాడు. జువాలజీ చెప్తాడు. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, స్కాలర్‌షిప్పుల మీద చదువుకొని పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు. నాకంటే బాగా చిన్న కాబట్టి నువ్వనే అంటాను. అది అతని మొదటి ప్రపోజల్. మన ప్రాంతంలో గొర్రెల మందలు ఏడాది పొడవునా ఎక్కడెక్కడ మేస్తాయి, ఎండల్లో నీళ్లకు ఎంత దూరం నడుస్తాయి, పంట కోసిన చేలల్లో రాత్రిపూట మంద నిలిపితే ఆ మట్టి ఎట్లా మారుతుంది అన్నది విషయం. మూడేళ్ల పని. పోయిన చలికాలంలో పెనుకొండ కొండల కింద కొన్ని మందల్లో ఒక్కో గొర్రె మెడకు జీపీఎస్ కాలర్ కట్టి నమూనాగా కొంత సమాచారం కూడా తెచ్చాడు. జీపీఎస్ కాలర్ అంటే గొర్రె ఎక్కడుందో గంటగంటకూ గుర్తుపెట్టుకునే పట్టీ.

ప్రపోజల్ చదివాను. బాగుంది. బాగుంటే బాగుందనే చెప్తాను, మావాళ్లు నమ్మరు గానీ. డీఎంపీ దగ్గరికి వచ్చేసరికి అది ఏదో పెద్ద సంస్థ నమూనాను దించుకున్నదని తెలిసిపోయింది. “వ్యక్తుల పేర్లు తొలగించి, మందలకు ఎం-1, ఎం-2 అని సంకేతాలిచ్చి, పూర్తి జీపీఎస్ సమాచారాన్ని బహిరంగ రిపాజిటరీలో పెడతాం” అని రాసి ఉంది. రిపాజిటరీ అంటే డేటా గిడ్డంగి. బహిరంగం అంటే ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. పేర్లు తీసేసే పనిని అనానిమైజేషన్ అంటారు. ఎవరి సమాచారమో ఎవరికీ తెలియకుండా చేయడం దాని ఉద్దేశం.

పక్కనే మ్యాప్ ఉంది. పగటి చుక్కలు ఎర్రగా కొండ మీద చెల్లాచెదురుగా, రాత్రి చుక్కలు నల్లగా చేలల్లో గుంపులుగా. నేను కళ్లద్దాలు సరిచేసుకొని చూశాను.

“ఈ ఎం-2 గంగమ్మ మంద” అన్నాను.

సురేంద్ర ఉలిక్కిపడ్డాడు. “మీకెవరు చెప్పారు మేడమ్?”

“నువ్వే చెప్పినావు. బుక్కపట్నం చెరువు కింద ఈ మూల చూడు. ఇది మా చిన్నాయన మడి. వరి కోత కాగానే గంగమ్మ మంద మొదట ఆడికే వస్తుంది. అక్కణ్ణించి పక్క రెడ్డి వాళ్ల చేనికి, తర్వాత రోడ్డు అవతల చెనక్కాయ చేలకు. నేను లంగా ఓణీ వేసుకున్నప్పుడు వాళ్ల అత్త ఆ మందను తోలుకొచ్చేది. ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు.”

తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా వైపు పంట కోసిన చేలో రాత్రిళ్లు గొర్రెల మందను పడుకోబెడతారు. పెంటా మూత్రమూ నేలకు ఎరువు. రైతు బదులుగా గింజలో, దుడ్లో ఇచ్చి, మందతో వచ్చినవాళ్లకు అన్నం పెడతాడు. ఎవరి మంద ఎవరి చేలో ముందు నిలుస్తుందన్నది తరాల పొత్తు. చెనక్కాయ, అంటే వేరుశనగ, మాని మొక్కజొన్న వేసినా ఆ వరుస మాత్రం మారదు.

“ఊళ్లో తెలిస్తే ఏమవుతుంది మేడమ్? మంచి పనే కదా” అన్నాడు.

“రాత్రివి మంచివే. పగటి చుక్కలు యాడుండాయో చూడు.”

ఎర్ర చుక్కల్లో చాలా భాగం రిజర్వు ఫారెస్టు హద్దు మీదా, కొన్ని హద్దు దాటీ ఉన్నాయి. ఆ హద్దు ఎక్కడన్నది అక్కడ ఎప్పటికీ తెగని తగువు. “రేపు ఎవరో ఒకరు రాత్రి చుక్కలు చూసి మంద ఎవరిదో కనుక్కొని, పగటి చుక్కలు చూసి గంగమ్మ మీద కేసు రాస్తే? కొండ మేత పోతే ఆ మంద అమ్ముకోవాల్సిందే. నీ కాలర్ పోయి ఆమె మీద సాక్ష్యం చెప్తుంది.”

“పేరు తీసేశాను కదా మేడమ్. అందరూ అట్లాగే చేస్తారు. జర్నల్స్‌లో కూడా...”

“జర్నళ్లు పక్కన పెట్టు. మీ నాయన బజార్లో ఎవరో కట్టుకున్న పట్టుచీర అంచు చూసి ఎవరి మగ్గం మీద దిగిందో చెప్తాడా చెప్పడా?”

అతను మ్యాప్‌ను మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. “చెప్తాడు” అన్నాడు చివరికి. “ఏ వీధిదో కూడా చెప్తాడు.”

“మరి చీర మీద పేరు రాసుంటుందా?”

నేను గెలిచానని ఇక్కడ అనుకున్నాను. కానీ అసలు తగువు అప్పుడు మొదలైంది. నా లెక్క ప్రకారం మొత్తం డేటాకు తాళం వేసేయాలి. మందలవాళ్ల సమాచారం ఏదీ బయట పెట్టకూడదు. సురేంద్ర ఒప్పుకోలేదు. నిధులిచ్చే సంస్థ నియమం ప్రకారం ప్రజల డబ్బుతో సేకరించిన డేటా ప్రజలకు అందాలి. దాచదలుచుకుంటే ఏది, ఎందుకు, ఎంతవరకు అని చెప్పాలి. అంతా దాస్తామంటే ప్రపోజల్ మొదటి వడపోతలోనే పోతుంది. నిజానికి ఆ నియమం నాకూ నచ్చినదే. లైబ్రరీలో అద్దాల బీరువాలకు తాళాలు తీయించడానికి నేను పోట్లాడినంత ఈ కాలేజీలో ఎవరూ పోట్లాడలేదు. అందుకే నా వాదన నాకే అడ్డం తిరిగి, గొంతు ఇంకొంచెం పెద్దదైంది.

“మనం ఇక్కడ అరుచుకోవడం ఎందుకు మేడమ్? ఆమెనే అడుగుదాం” అన్నాడు సురేంద్ర.

ఆ మాట నాకే ముందు తట్టాల్సింది. తట్టలేదు. ఆదివారం నేను బస్సులో పెనుకొండ చేరేసరికి అతను ధర్మవరం నుంచి బండి మీద వచ్చి స్టాండులో కాచుకొని ఉన్నాడు. అక్కణ్ణించి కొండ కింద ఊరికి అతని బండి మీదే వెళ్లాం. దారంతా బురద.

గంగమ్మ ఇంటి ముందు కుంటుతున్న గొర్రెను పట్టుకొని గిట్టల మధ్య మందు పూస్తోంది. వానల్లో గొర్రెలకు అక్కడ పుండ్లు పడతాయి. మొగుడు ఓబులేసు మందతో కొండవైపు పోయాడట. గంగమ్మ యాభై దాటిన మనిషి, చేతులు బలమైనవి, నోరు అంతకంటే బలమైనది.

“ఏమక్కా, ఇంత దూరం వస్తిరి. గంట చెడిపోయిందా?” అంది తలెత్తకుండానే.

“గంటేంది?”

“ఈ సారు కట్టలేదా గొర్రె మెడకు, మోగని గంట. మా ఓబులేసు రోజూ ఊపి ఊపి చూస్తాండె. మోగని గంట ఏంటికే అని నన్నడిగితే, చదువుకున్నోళ్లది అట్లే ఉంటాదిలే అంటి. సారూ, ఊరికే నిలబడేదానికన్నా ఈ కాలు పట్టుకో.”

సురేంద్ర చొక్కా చేతులు మడిచి గొర్రె కాలు పట్టుకున్నాడు. జువాలజీలో పీహెచ్‌డీ చేసినవాడే గానీ గొర్రె అతన్ని లెక్కచేయలేదు. ఒక్క తన్నుతో చొక్కా అంతా మందు.

“పట్టు అంటే గొర్రెను పట్టు సారూ, ఊపిరి కాదు” అని నవ్వి, గంగమ్మ నా వైపు తిరిగింది. “మీ చిన్నాయన బాగుండాడా? పోయినతూరి మంద నిలిపినప్పుడు మీ పిన్నమ్మ సంగట్లోకి ఊరుబిండి నూరి పంపె. ఇంగా నోట్లోనే ఉండాది ఆ రుచి.”

బాగున్నాడని చెప్పి, అరుగు మీద మ్యాప్ పరిచాను. చుక్కలేమిటో చెప్పాను. ఇది మీ ఊరు, ఇది కొండ, ఇది బుక్కపట్నం చెరువు అని చూపించాను. ఆమె గొర్రెను వదిలి, చేతులు కడుక్కొచ్చి, ముందుకు వంగి చూసింది.

“దీన్ని ఎవురు చూస్తారు?”

“కంప్యూటర్లో పెడితే ఎవరైనా చూడొచ్చు. బెంగళూరోళ్లు, ఢిల్లీవాళ్లు...”

“బెంగులూరోళ్లు చూస్తే నాకేమక్కా. పెనుకొండ ఫారెస్టోళ్లు చూస్తేనే కదా తంటా.”

నేను సురేంద్ర వైపు చూశాను. విన్నావా అన్నట్టు.

“హద్దు రాయికి ఆ పక్క పచ్చగుంటాది, ఈ పక్క ఎండుంటాది” అంది గంగమ్మ. “మేము ఈ పక్కనే తోలతాము. తల అటు తిరిగిన గొర్రెకు నేనేం చదువు చెప్పి ఆపేది? ఈ ఎర్రవి చూపిస్తే మాత్రం మాకు కొండ లేదు. కొండ లేకుంటే మంద లేదు. అంతే.”

“అందుకే గంగమ్మా, నేను చెప్తాండేది. మొత్తం తాళం వేసేస్తాం. నీ మంద యాడా కనపడదు. నీకేం భయం లేదు.”

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ముఖం చిట్లించింది.

“మొత్తం ఏంటికి?”

“ఏంటికంటే... నీ మంచికే.”

“నల్లవి కూడా దాస్తారా? చేలల్లో పండుకున్నవి?”

“అవీ దాస్తాం.”

“అవి దాస్తే ఎట్లక్కా?” అంది, గొంతు పెంచి. “యాడ చెట్టు ఎండిపోయినా మందోళ్లు మేపినారనే అంటారు. మీటింగులు పెట్టి చెప్తారు. ఎన్ని చేలకు మా జీవాలు ఎరువేసినాయో ఎవురన్నా ఒక్క మాట అన్నారా? ఇన్నేండ్లకు కాగితం మీద కనపడితే దానికి తాళం ఏస్తారా? అవి చూపించండి. నా పేరు పెట్టి చూపించండి. ఎం-2 ఏంది, బస్సు నంబరు మాదిరి.”

“పేరు పెడితే నీకే చిక్కు. నీకు తెల్దు, ఈ డేటా ఒకసారి బయటపడితే...”

“నాకు తెల్దా? అక్కా, నువ్వు నా కోసం వాదులాడతాండావా, నా మీద వాదులాడతాండావా?”

సురేంద్ర దగ్గినట్టు నటించాడు గానీ అది నవ్వే. నేను అతని వైపు చూడదలుచుకోలేదు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో దాచడమా, తెరవడమా అన్నదాని గురించి ఎంతోమందితో పోట్లాడాను. ఎవరి సమాచారమో వాళ్లకు దానిలో కొంత దాచుకోవాలనీ, కొంత గట్టిగా చాటుకోవాలనీ ఉంటుందని నాకు తట్టనే లేదు. దాచడం మేలని నేననుకుంటే, తెరవడం మేలని సురేంద్ర అనుకున్నాడు. ఇద్దరం ఆమె బదులు మేమే అనుకున్నాం.

“సరే పెద్దమ్మా” అన్నాడు సురేంద్ర, బ్యాగులోంచి కన్సెంట్ ఫారం తీస్తూ. కన్సెంట్ అంటే సమాచారం ఇవ్వడానికి ఒప్పుకుంటున్నామనే అంగీకారం. “రాత్రివి నీ పేరుతో చూపిస్తాం. పగటివి చూపించం. మూడేళ్లకు ఒకేసారి ఒప్పుకున్నట్టు ఈడ వేలిముద్ర వేస్తే...”

“మూడేండ్లకా?” గంగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఇదో, ఈయమ్మ చిన్నాయన శానా ఏండ్లుగా నా మంద నిలిపించుకుంటాడు. అడగకుండా ఏ ఏడన్నా నిలిపించుకున్నాడా అడుగు. కోతలు కాంగానే ఆకూవక్కా పంపి, గంగమ్మా ఈ ఏడు వస్తావా అని అడగాల్సిందే. నేను వస్తాననో రాననో చెప్పాల్సిందే. వానలెట్లుంటాయో, జీవాలెట్లుంటాయో, మనసులెట్లుంటాయో. మీరు కూడా అట్లే వచ్చి అడగండి. దానికేం బరువు?”

నిజమే. మా నాయన ఉన్నప్పుడు ఆయనే పోయేవాడు. గంగమ్మ అత్త ప్రతి ఏడూ కాసేపు ఆలోచిస్తున్నట్టు కూర్చొని, ఆ తర్వాతే ఆకు తీసుకునేదట. వస్తుందని ఇద్దరికీ తెలుసు. అయినా అడగకుండా మంద చేలోకి దిగదు. ఇది నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న పద్ధతి. డీఎంపీలో రాయదగిన పద్ధతి అని ఎప్పుడూ అనుకోలేదు.

హిందూపురం వచ్చాక కొత్తగా రాయడం మొదలుపెట్టాం. పైకి సులభంగా కనిపించింది, కాదు. రాత్రి చుక్కల మీద గంగమ్మ పేరు ఉండి, పగటి చుక్కలు కూడా అదే గొర్రెవని తెలిసే దారి ఎక్కడైనా మిగిలిందంటే, తెలివైనవాడెవడైనా రెండూ కలిపేస్తాడు. మధ్యలో సాయంత్రం చుక్కలు చాలు, గొర్రె వెంట నడిచి కొండెక్కడానికి. కాబట్టి మొదట డేటాను రెండు ముక్కలు చేశాం. మంద నిలిపిన చేల సమాచారం, ఇష్టపడినవాళ్ల పేర్లతో, అందరికీ. కొండ మేత సమాచారం ఏ మందదో విడిగా తెలియకుండా, అన్ని మందలూ కలిపి, మ్యాపును పెద్ద పెద్ద గళ్లుగా కోసి, ఏ కాలంలో ఏ గడిలో మేత ఎక్కువ అన్నంతవరకే. అసలు చుక్కలు కాలేజీలో తాళం వేసిన డిస్కులో. పరిశోధకులెవరికైనా కావాలంటే మందలవాళ్లలో ఇద్దరున్న కమిటీ ఒప్పుకోవాలి.

గళ్ల పని సురేంద్రకు పండుగ. “చీర డిజైన్‌కి గ్రాఫు గీసినట్టే ఉంది మేడమ్. గడి పెద్దదైతే నెమలి కనపడదు, రంగు మాత్రం తెలుస్తుంది” అన్నాడు. ఎంత పెద్ద గడి అన్నదాని మీద మళ్లీ పోట్లాడుకున్నాం. ఒక గడిలో ఒకే మంద పడితే గడి ఉన్నా లేనట్టే అని నేను, గడి మరీ పెద్దదైతే కొండంతా ఒకే రంగు అవుతుందని అతను. చివరికి కొలత అతనిదే నిలిచింది, ఒకే మంద పడిన గడిని చూపించకూడదన్న షరతు నాది.

కన్సెంట్ దగ్గర అతనికి భయం పట్టుకుంది. “ఏటా పంట కోతల తర్వాత ప్రతి కుటుంబాన్నీ మళ్లీ అడుగుతాం. వద్దంటే ఆ ఏడు సేకరించం” అని రాశాను.

“మూడో ఏడు అందరూ వద్దంటే మేడమ్?”

“అప్పుడు నీ దగ్గర గొర్రెలుండవు. మర్యాద మిగులుతుంది.”

“మర్యాదతో పేపర్ రాయలేం కదా.”

“రాసినవాళ్లను చూడలేదు, నిజమే” అన్నాను. ఆ వాక్యం మాత్రం కొట్టేయనివ్వలేదు.

నిధులిచ్చే సంస్థవాళ్లు ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. కెమెరాకు కనపడకుండా నేను పక్కనే కూర్చున్నాను. ఏటా అడిగితే డేటా మధ్యలో తెగిపోయే ప్రమాదం ఉంది కదా, ఒకేసారి ఎందుకు తీసుకోరని ఒక పెద్దాయన అడిగారు. సురేంద్ర నా వైపు చూడకుండానే చెప్పాడు. “సార్, మా దగ్గర మందను చేలో నిలపాలంటే రైతు ఏటా వెళ్లి అడుగుతాడు. ఎన్ని ఏళ్ల పొత్తయినా అంతే. మేము రైతుకంటే తక్కువ అడగడం బాగుండదు.” ఆ పెద్దాయన ఏదో రాసుకున్నారు. ఆ తర్వాత ఆయన మట్టి పరీక్షల గురించి అడిగారు. బడ్జెట్‌లో కొంత కోసి గ్రాంటు ఇచ్చారు. డీఎంపీలో ఒక్క అక్షరం ముట్టలేదు.

మొదటి ఏడు అందరూ సరేనన్నారు. మంద నిలిపిన చేల మ్యాపును పెద్దగా ప్రింటు తీసి, పేర్లు తెలుగులో రాయించి గంగమ్మకు ఇచ్చాం. ఊళ్లో మీటింగుకు ఎవరొచ్చినా ముందు దాన్ని పరిచి కూర్చుంటోందని విన్నాం. కొండ గురించి ఆ మ్యాపులో ఏమీ లేదు. దాని కారణంగా ఎవరి మీదా ఏ కేసూ రాలేదు. తన మడి మీద చుక్క పక్క రెడ్డి చేని చుక్క కంటే చిన్నగా పడిందని మా చిన్నాయనకు మాత్రం నా మీద కోపం వచ్చింది. ఎన్ని రాత్రులు నిలిస్తే అంత చుక్క అని చెప్తే, వచ్చే ఏడు ఇంకో రెండు రాత్రులు నిలిపిస్తానన్నాడు.

రెండో ఏడు కోతల తర్వాత సురేంద్ర ఒక్కడే ఆకూవక్కా కొనుక్కొని వెళ్లాడు. గంగమ్మ ఆకు తీసుకుంది. రాత్రివి రాసుకోండి, పేరు పెట్టండి అంది. కాలర్లు మాత్రం ఈ ఏడు వద్దంది. ఈనే గొర్రెలు ఎక్కువున్నాయి, మెడకు ఏ బరువూ కట్టను అంది. అతను వచ్చి చెప్పినప్పుడు నేను అతని ముఖం వైపే చూశాను. ఒక ఏడాది కొండ డేటాలో పెద్ద మంద ఒకటి లేకుండా పోవడమంటే చిన్న నష్టం కాదు. ఇంకోసారి వెళ్లి బతిమాలతాడేమో అనుకున్నాను. వెళ్లలేదు.

ఆ ప్రపోజల్ తర్వాత నా పనిలో ఒకటి మారింది. ఎవరైనా డీఎంపీ తెస్తే ఎక్కడ దాస్తారన్నది రెండో ప్రశ్న. “మళ్లీ ఎప్పుడు వెళ్లి అడుగుతారు?” అన్నది మొదటిది. ఒకసారి తీసుకున్న అనుమతి డిస్కులో పెట్టి దాచుకునే వస్తువు కాదని చెప్తాను. కొందరు విసుక్కుంటారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు బాగానే ఉంది.

ఈ మధ్య సురేంద్ర తన రెండేళ్ల ఫలితాల గ్రాఫు తెచ్చి చూపించాడు. బయట పెట్టేది కాదు, అందులో ఒక్కో మందకు ఒక్కో గీత. అన్ని గీతలూ సాగిపోతున్నాయి, ఒక్క గీత మధ్యలో తెగి, ఖాళీ వదిలి ఉంది. లేని అంకెలను లెక్కగట్టి నింపే పద్ధతులు స్టాటిస్టిక్స్‌లో ఉన్నాయి, అతనికి తెలుసు. ఎందుకు నింపలేదని అడిగాను.

“ఆ ఏడు ఆమె వద్దంది కదా మేడమ్. అది కూడా డేటానే” అన్నాడు.

వాదించడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు.